సెంట్రింగ్ లేని గుమ్మటం

ఫ్లోరెన్స్ ప్రయాణానికి మంచి ఘడియ శనివారం ఉదయం ఏడూ ఇరవైకి వచ్చింది. ఆ ఘడియలో నేను ఎవరి కంటా పడకూడదని కూడా అప్పుడే నిర్ణయించారు. ఆ మాట నాకు చెప్పడానికి మేడమీదావిడ గిన్నెలో సేమ్యా పాయసం పట్టుకుని దిగి వచ్చింది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. ఇంక ఆగడంలో అర్థం లేదు.

అప్పుడు మేం కతార్‌లో, దోహా నగరంలో ఉమ్ ఘువైలినా అనే పేటలో ఉండేవాళ్లం. చమురు ధర, గ్యాసు ధర పెరుగుతున్న ఏళ్లవి. ఏ వీధి చూసినా తవ్వి ఉండేది. కిందటి నెల వెళ్ళిన దారి ఈ నెల ఉండేది కాదు. నేను అక్కడి ఇండియన్ స్కూల్లో చరిత్ర చెప్పేదాన్ని. మా ఆయన సివిల్ ఇంజనీరు. కాంక్రీటు పోసే ముందు దాన్ని మోయడానికి కింద చెక్కలూ ఇనప గొట్టాలూ కడతారు కదా, అది ఆయన పని. గల్ఫులో షట్టరింగ్ అంటారు, మన మేస్త్రులు సెంట్రింగ్ అంటారు. కాంక్రీటు గట్టిపడే దాకా బరువంతా సెంట్రింగ్ మీదే ఉంటుంది. గట్టిపడ్డాక విప్పేస్తారు. తొందరపడి విప్పితే మనుషులు పోతారు. ఇరవై ఏళ్లు ఆయన ఎప్పుడు విప్పాలో చెప్పే పని చేశారు. ఆయన సైట్లలో ఎవరూ పోలేదు. ఆయనే పోయారు, నవంబరులో ఒక ఉదయం, సైటు ఆఫీసు కుర్చీలో, గుండె ఆగి.

పుస్తకాలు చదివేది నేను. ఆయన చదవరు, వింటారు. శుక్రవారం మధ్యాహ్నాలు నేను ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని. అలా ఒకసారి ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం చరిత్ర తెచ్చాను. ఉన్ని వ్యాపారులు, వడ్డీ వ్యాపారులు, వాళ్ళ తగాదాలు ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. పెద్ద చర్చి మీద గుమ్మటం కట్టిన సంగతి వచ్చేసరికి లేచి కూర్చున్నారు.

"మళ్ళీ చదువు."

చదివాను. అంత వెడల్పు గుమ్మటానికి సెంట్రింగ్ వేయాలంటే చాలినంత కలప దొరకదని తేలిందట. కంసాలి పని నుంచి కట్టడాల్లోకి వచ్చిన ఒకాయన, సెంట్రింగ్ అక్కర్లేకుండానే కడతానన్నాడట, కట్టాడట.

"అక్కర్లేకుండా అనే ఉందా? సరిగ్గా చూడు."

"అనే ఉంది."

"ఎలా కట్టాడో రాయలేదా?"

"ఇటుకలు ఒక ప్రత్యేక పద్ధతిలో పేర్చాడని ఉంది. అంతే."

"రాసినవాడెవడో మేస్త్రి కాదు," అన్నారు ఆయన.

ఆ సాయంత్రమే నీలం అట్ట నోట్‌బుక్ కొన్నారు. ఫ్లోరెన్స్‌లో ఏడు రోజులు. ఏ రోజు ఎక్కడ, ఏది ఎప్పుడు తెరుస్తారు, ఎక్కడ నీడ ఉంటుంది, ఎక్కడ కూర్చోవచ్చు. మూడో రోజు పేజీలో ఉదయం మొత్తం గుమ్మటానికి వదిలేశారు. అక్కడ రెండు గుమ్మటాలున్నాయి, లోపల ఒకటి, బయట ఒకటి. మెట్లు ఆ రెంటి మధ్య నుంచి వెళ్తాయి. ఇటుకల పేర్పు అక్కడే కనిపిస్తుంది. "దిగేటప్పుడు తొందర వద్దు" అని రాసి కింద గీత గీశారు. దాని కింద తను ఊహించినది బొమ్మ వేశారు. నాలుగు ఇటుకలు పడుకోబెట్టి ఒకటి నిలబెట్టి, మళ్ళీ నాలుగు పడుకోబెట్టి ఒకటి నిలబెట్టి. పై వరసలో నిలబెట్టిన ఇటుక ఒక ఇటుక పక్కకి జరుగుతుంది. బొమ్మ పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

మా బిల్డింగులోనే పై అంతస్తులో గుంటూరు దంపతులుండేవారు. భర్త ఒక కంపెనీలో సామాను కొనే విభాగంలో చేసేవాడు. ఇంకో జంటది హైదరాబాదు, దోహాకి ఉత్తరాన అల్ ఖోర్ అనే ఊళ్ళో ఉండేవారు. అతను గ్యాసు ప్లాంటులో షిఫ్ట్ ఇంజనీరు. శుక్రవారాలు అందరూ మా ఇంట్లో ఇడ్లీలు తినేవారు. నోట్‌బుక్ చూసి మేమూ వస్తాం అన్నారు. మార్చి ఆఖరు సెలవుల్లో వెళ్దామని అప్పుడే అనుకున్నాం.

ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్ళి, కార్యక్రమాలన్నీ అయ్యాక నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. మాకు పిల్లలు లేరు. నా వీసా స్కూలు పేరు మీదికి మారింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు మంచివాళ్ళను దేవుడు తొందరగా పిలుచుకుంటాడన్నారు. వచ్చిన ప్రతి ఒక్కరూ అన్నారు. నేను టీ ఇచ్చాను.

జనవరిలో ఆయన సైటు నుంచి సెంట్రింగ్ మేస్త్రి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఆయన దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఆఫీసులో మిగిలిన ఆయన హెల్మెట్, కొలత టేపు, కళ్ళజోడు ఒక సంచిలో తెచ్చాడు. కుర్చీ చూపించినా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సార్ మీకు గుమ్మటం సంగతి జెప్పిండా అమ్మా?"

"ఇటలీదా? చెప్పారు."

"గది కాదు. సైట్ల మేం కట్టింది."

నాకు తెలియదు. మేస్త్రి చేతులతో చూపించాడు, నడుమెత్తు. సామాను పెట్టుకునే షెడ్డు వెనక, మధ్యాహ్నం తిండి టైములో, పగిలిన ఇటుకలతో, నెల రోజులు కట్టారట. కింద చెక్క లేదు, గొట్టం లేదు.

"మేమందరం నవ్వినమమ్మా. నాలుగు పండవెట్టి ఒకటి నిలవెట్టుడేంది సార్, గిది గోడనా, పండ్ల వరసనా అన్న. సార్ గూడ నవ్విండు. పైకి వొయ్యేకాడ ఇటుక లోపలికి వంగుతది గదా, సిమెంటు మాలు తడిగ ఉంటది, జారాలె. జారలే. నిలవడ్డ ఇటుకలు రెండు దిక్కుల పట్టుకున్నయ్."

"ఇప్పుడు ఉందా అది?"

"లేదమ్మా. మొన్న పెద్దోళ్లు చూడనీకి వస్తున్నరని క్లీన్ చెయ్యుమన్నరు. సుత్తెతోని కొట్టినం, కూలలే. మీదికెల్లి ఒక్కొక్క ఇటుక ఊడవీకాల్సొచ్చింది." సంచి గుమ్మం పక్కన పెట్టి, "మీరు పోతున్నరా ఆడికి?" అన్నాడు.

"తెలీదు."

"పోతే చూసి జెప్పుండ్రి. ఆడ గూడ గట్లనే వెట్టిన్రా, వేరే తీరుగనా. సార్ గది చూద్దమనే పోతుండె. ఆయన అనుకున్నది కరెక్టేనా కాదా, నాక్కూడ ఎర్కగావాలె."

అతను వెళ్ళాక నోట్‌బుక్ తీసి ఆ ప్రశ్నార్థకం చూశాను. ఆ రోజే వెళ్దామని నిశ్చయించుకున్నాను. ఊరు చూడాలని కాదు. అది చూడాలని. ఒక్కదాన్నే విమానమెక్కి పరాయి దేశం వెళ్ళే ధైర్యం అప్పటికి నాకు లేదు. అందుకే ఆ రెండు కుటుంబాలతో నేనూ వస్తానని చెప్పాను.

"చాలా మంచి పని అక్కా," అంది మేడమీదావిడ. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు?"

పనులన్నీ నా మీద పెట్టారు. వీసా ఫారాలు నేను నింపాను. బసకు ఉత్తరాలు నేను రాశాను. ఏజెంటు ఆఫీసు మా స్కూలు వీధిలోనే ఉండటంతో కాగితాలన్నీ నా చేతి మీదుగా వెళ్ళాయి. కతార్‌లో ఉద్యోగం చేసేవాళ్ళు దేశం దాటాలంటే కఫీల్, అంటే ఉద్యోగమిచ్చినవాళ్ళ సంతకంతో ఖురూజ్ కాగితం కావాలి. మగవాళ్ళిద్దరికీ వాళ్ళ కంపెనీలు ఇచ్చాయి. నాది స్కూలు ఇవ్వాలి. స్కూలు కాగితాలు చూసే మందూబ్ సూడాన్ మనిషి. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు.

"ఇటలీ? మేడమ్ జోజ్ కిధర్?" అని అడిగాడు. భర్త ఎక్కడ అని.

చనిపోయారని చెప్పాను. అతను పెన్ను కింద పెట్టి అరబ్బీలో ఏదో ప్రార్థన అన్నాడు. మళ్ళీ పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. మర్నాటికి కాగితం వచ్చింది. ఏడాది తిరిగిందా అని అతను అడగలేదు.

మార్చి మొదటి శుక్రవారం మేడమీదవాళ్ళింట్లో కూర్చున్నాం, ఏ రోజు ఏం చూడాలో ఖాయం చేయడానికి. అల్ ఖోర్ దంపతులు కారులో వచ్చారు. నేను నోట్‌బుక్ తీసుకెళ్ళాను.

"ముందు కుక్కర్ సంగతి తేల్చండి," అంది అల్ ఖోర్ ఆవిడ. "మాది చిన్నది. ఐదుగురికి రెండు సార్లు వండాలి."

"మాది తెస్తాంలే. మీరు గోంగూర తెండి," అంది మేడమీదావిడ.

"ఎయిర్‌పోర్టులో ఆపరా?"

"ఆయుర్వేదం మందని చెబుదాం."

"రెండు కిలోల మందా!" అన్నాడు అల్ ఖోర్ ఆవిడ భర్త. "నిన్ను రోగివని వెనక్కి పంపుతారు."

"పంపితే పంపనీ, ఆ పాస్తాలు తినడం కన్నా నయం."

నేనూ నవ్వాను. ఆ మాట దాచను. ఆ ఇంట్లో నాలుగు నెలల తర్వాత నవ్వాను.

మేడమీదాయన నోట్‌బుక్ తన ముందు పెట్టుకుని ఎర్ర పెన్ను తీశాడు. ఆఫీసులో సరుకుల జాబితాలు కొట్టేసి కొట్టేసి అతనికి చేతిలో ఎర్ర పెన్ను లేకపోతే మాట రాదు. ఒక్కో పేజీ చదువుతూ, టిక్కు పెడుతూ, కొట్టేస్తూ పోయాడు. బొమ్మల మ్యూజియం రెండు పూటలుండేది, ఒక గంటకి వచ్చింది. పాత గ్రంథాలయం పోయింది. వాలిన గోపురం ఆ ఊళ్ళో లేదని, వేరే ఊళ్ళో ఉందని తెలిసి దానికి ఒక రోజు మొత్తం చేర్చారు. అరచేత్తో దాన్ని ఆపుతున్నట్టు ఫోటో తీసుకోవాలట.

"మూడో రోజు," అన్నాడు అతను. "పొద్దున మొత్తం ఈ గుమ్మటమేనా? నాలుగొందల పైచిలుకు మెట్లంట. లిఫ్టు లేదంట."

"లిఫ్టు లేదా? నా మోకాళ్ళు?" అంది అతని భార్య.

"కిందనుంచి చూస్తే సరిపోద్ది. లోపలికెళ్తే గుమ్మటం కనపడదు గదా!"

అందరూ నవ్వారు. అల్ ఖోర్ అతను ఫోన్లో చూస్తూ, "ఆ పూట ఔట్‌లెట్ మాల్‌కి బస్సుందట భాయ్. లెదర్ బ్యాగులు సగం రేటు," అన్నాడు.

"అది చెప్పు! ఇక్కణ్ణుంచి అంత దూరం పోయి మెట్లెక్కుతామా?"

అలా అంటూనే పేజీ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి ఎర్రగీత లాగాడు. గీత ఆయన రాసిన మాటల మీదుగా, ఇటుకల బొమ్మ మీదుగా, ప్రశ్నార్థకం మీదుగా పోయింది. తర్వాత పేజీ తిప్పాడు.

అతనికి ద్వేషం లేదు. ఆ సంగతి చెప్పాలి. గీత గీశానన్న ధ్యాస కూడా అతనికి లేదు. నాకు కోపం వచ్చింది దాని మీదే. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. లేచి నోట్‌బుక్ లాక్కోవచ్చు. నేను లేవలేదు.

"మూడో రోజు పొద్దున నేను ఎక్కుతాను," అన్నాను.

"ఒక్కరేనా? ఎందుకక్కా, కళ్ళు తిరిగితే? అప్పుడు చూద్దాంలెండి," అంది మేడమీదావిడ. కుక్కర్ ప్లగ్గు అక్కడ సరిపోతుందా అన్న మాటలోకి వెళ్ళిపోయారు.

వెళ్ళేటప్పుడు మేడమీదాయన నోట్‌బుక్ నా చేతికిస్తూ, "బావగారి ప్లాను మాత్రం సూపర్ అక్కా. కాస్త ట్రిమ్ చేశామంతే," అన్నాడు.

పది రోజుల తర్వాత వీసాలు వచ్చాయి. ఏజెంటు ఐదు పాస్‌పోర్టులూ స్కూలుకి తెచ్చి నాకిచ్చాడు. అవి మా ఆయన తోలు సంచిలో పెట్టాను. మేడమీదావిడకు ఫోన్ చేసి చెప్పాను.

"మీ దగ్గరే ఉంచండక్కా. మా ఇంట్లో ఎక్కడ పెట్టామో మర్చిపోతాం. ఎయిర్‌పోర్టుకి మీరే తెద్దురుగాని."

సరిగ్గా బయల్దేరడానికి మూడు రోజుల ముందు ఆవిడ పాయసం తెచ్చింది.

"శుక్రవారం పడమటికి శూల కదక్కా, అందుకే టికెట్లు శనివారానికి తీసుకున్నాం. మంచిదైంది. అల్ ఖోర్ ఆవిడ వాళ్ళ అమ్మగారు హైదరాబాదులో పంచాంగం చూపించారు. ఏడూ ఇరవైకి దివ్యంగా ఉందట. వాళ్ళు ముందు రోజే వచ్చేసి మా ఇంట్లోనే పడుకుంటారు. వ్యాను చెప్పాం."

"సరే. నేను ఏడింటికల్లా పైకి వస్తాను."

ఆవిడ గిన్నె వైపు చూసింది. "అది కాదక్కా. మీరెందుకు హడావుడి పడటం. మేం బయల్దేరిపోయాక, ఓ పావుగంట ఆగి, నెమ్మదిగా టాక్సీలో వచ్చెయ్యండి."

"ఒకే బిల్డింగు కదా. వ్యానులో చోటు లేదా?"

"చోటుకేం, బోలెడుంది. నాకేం పట్టింపు లేదక్కా. నేనెలాంటిదాన్నో మీకు తెలుసు. ఆవిడే, వాళ్ళ అమ్మగారు, ఫోన్లో ఒకటే గోల. ఏడాది తిరగలేదు కదా, గడప దాటేటప్పుడు ఎదురు... అదే, పెద్దవాళ్ళ చాదస్తం. పరాయి దేశం, విమానం. మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకుంటారు."

నేను చరిత్ర చెప్తాను. ఇలాంటి ఆచారాలు ఎక్కడ పుట్టాయో, ఎవరి మీద పెట్టారో పిల్లలకి చెప్పి, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా ఇచ్చాను. నా గదిలో, నా సోఫా మీద అది వచ్చి కూర్చుంటే, ఆయన బొమ్మ మీద గీత గీసినవాళ్ళ కోసం అది నన్ను తలుపు వెనక నిలబడమంటే, నా నోట వచ్చిన మాట ఒక్కటే.

"సరే."

"మీ మనసు వెన్న అక్కా. పాయసం వేడిగా ఉంది, తినేయండి."

ఆవిడ వెళ్ళాక పాయసం సింకులో పోశాను. గిన్నె కడిగి పక్కన పెట్టాను. వాళ్ళ మీద కోపం కన్నా నా 'సరే' మీద కోపం ఎక్కువగా ఉంది. ఇప్పటికీ ఆ పాళ్ళు మారలేదు.

శనివారం నేను ఆరింటికే తయారయ్యాను. తోలు సంచి తెరిచి, నా పాస్‌పోర్టు, ఖురూజ్ కాగితం, నోట్‌బుక్ చూసుకున్నాను. మిగతా నాలుగు పాస్‌పోర్టులు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అప్పుడే గుర్తొచ్చిందని చెబితే అబద్ధం. ముందు రోజు సాయంత్రమే గుర్తొచ్చింది. పాస్‌పోర్టులు నేను ఎయిర్‌పోర్టులో ఇస్తానని వాళ్ళు అనుకుంటున్నారు. అది సబబే. కాని మేడమీదాయన సంగతి నాకు తెలుసు. వ్యాను ఎక్కగానే అందరి కాగితాలు చేతిలో పట్టుకుని లెక్క చూసుకోనిదే కదలడు. మా ఆయన ఉన్నప్పుడు అల్ రువైస్ సముద్రం చూడటానికి వెళ్ళినా అందరి గుర్తింపు కార్డులూ తనే పోగుచేసేవాడు. ఫోన్ చేసి ముందే ఇచ్చేస్తానని చెప్పొచ్చు. చెప్పలేదు.

ఏడూ ఇరవైకి పైన తలుపు తెరుచుకుంది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. లిఫ్టు మా అంతస్తు దాటి కిందికి పోయింది. కిటికీ పరదా పక్కకి తీసి చూశాను. వ్యానులో పెట్టెలు ఎక్కించారు. మనుషులు ఎక్కారు. వ్యాను కదల్లేదు. మేడమీదాయన దిగాడు. మళ్ళీ ఎక్కాడు. ఈసారి అతని భార్య దిగింది.

రెండు నిమిషాల్లో నా తలుపు గంట మోగింది. తీశాను. కొత్త పట్టుచీర, నుదుట కుంకుమ, ఆయాసం. పరాయి దేశపు ప్రయాణానికి గడప దాటి బయల్దేరాక ఆవిడకు మొదట ఎదురైన ముఖం నాది. గంట నొక్కింది ఆవిడే.

"అక్కా, పాస్‌పోర్టులు. అందరివీ. చేతిలో ఉంటేగాని కదలనంటున్నారు ఆయన."

నేను గోడ గడియారం వైపు చూశాను.

"పావుగంట ఇంకా కాలేదు," అన్నాను. తలుపు వేశాను.

అటువైపు ఆవిడ కాసేపు నిలబడింది. "అక్కా" అని ఒకసారి పిలిచింది. తర్వాత చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా కిందికి పోయింది, లిఫ్టు కోసం కూడా ఆగలేదు. కింద వ్యాను డ్రైవరు, పాకిస్తానీ, "యల్లా సాబ్, యల్లా, ట్రాఫిక్ హో జాయేగా" అని అరుస్తూ తొందరపెట్టడం మూడో అంతస్తు దాకా వినిపించింది. నేను కాఫీ కలుపుకున్నాను. తాగాను. కప్పు కడిగాను.

ఏడూ ముప్ఫై అయిదుకి నా పెట్టె తీసుకుని దిగాను. వ్యాను తలుపు తెరిచే ఉంది. లోపల నలుగురూ తల దించుకుని కూర్చున్నారు. రబ్బరు బ్యాండు తీసి ఒక్కో పాస్‌పోర్టు తెరిచి, పేరు చదివి, ఎవరిది వాళ్ళ చేతికిచ్చాను. తరగతిలో జవాబు పత్రాలు ఇచ్చినట్టు. తీసుకోవాలంటే తల ఎత్తాలి. ఎత్తారు. అల్ ఖోర్ ఆవిడ తన వంతు వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కండక్కా," అన్నాడు మేడమీదాయన. "అంతా కలిసే..."

"నాకు టాక్సీ వస్తోంది."

వాళ్ళ విమానం ఆలస్యం కాలేదు, నాది కూడా అదే విమానం. ఎవరికీ ఏమీ కాలేదు. వారం రోజులు అందరూ నాతో మర్యాదగా మాట్లాడారు. గోంగూర వడ్డించారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడే కాదు, ఆ తర్వాత కూడా. క్షమించమని ఎవరూ అడగలేదు, నేను క్షమించనూ లేదు.

మూడో రోజు వాళ్ళు లేవకముందే బయటికి వచ్చాను. పరాయి ఊళ్ళో ఒంటరిగా నడవడం అదే మొదటిసారి. అనుకున్నంత కష్టం కాలేదు. మా ఆయన ఏ వీధి తర్వాత ఏ వీధో రాసి పెట్టారు, ఎర్రగీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. వరసలో నలుగురి తర్వాత నిలబడ్డాను.

మెట్లు ఇరుకు. గోడలు రెండు వైపులా దగ్గరగా, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. పైనుంచి కనిపించే దృశ్యం గురించి నేను రాయను, దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. దిగేటప్పుడు ఒక చోట, సన్నటి కిటికీ వెలుగులో, సున్నం పూత లేని గోడ కనిపించింది. ఇటుకలు. వెనకవాళ్ళని ముందుకు పొమ్మని, గోడకు ఒదిగి నిలబడ్డాను. నోట్‌బుక్ తెరిచాను.

కొన్ని పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి. మళ్ళీ కొన్ని పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి. పై వరసలో నిలబెట్టిన ఇటుక పక్కకి జరిగింది. దాని పైన మళ్ళీ జరిగింది. నిలువు ఇటుకలు ఏటవాలుగా గోడ వెంట పైకి పోయాయి. వాటి మధ్య చిక్కుకున్న ఇటుకలు జారడానికి దారి లేదు. ఆయన బొమ్మలో కన్నా ఇటుకలు పెద్దవి, పలచన. అంతే తేడా. దానికి ఏ వివరణా అక్కర్లేదు. దిగేటప్పుడు తొందర వద్దని రాశారు కదా, నేను తొందరపడలేదు. కాపలావాడు వచ్చి కదలమనే దాకా నిలబడి, పక్క పేజీలో పెన్సిలుతో ఆ గోడను ఉన్నది ఉన్నట్టు వేసుకున్నాను. ఆయన ప్రశ్నార్థకాన్ని పెన్సిలుతో కొట్టేశాను. ఎర్రగీత పెన్సిలుతో పోయేది కాదు.

సాయంత్రం వాళ్ళు మాల్ నుంచి బ్యాగులతో వచ్చారు. "మంచి ఛాన్సు మిస్సయ్యారక్కా," అన్నారు.

ఏప్రిల్లో మేస్త్రిని కంపెనీ అల్ రువైస్‌కి మార్చింది, అక్కడ రేవు దగ్గర పని. ఒక శుక్రవారం పొద్దున నేను బస్సులో వెళ్ళాను. దారిలో అల్ ఖోర్ వచ్చింది. దిగలేదు. మేస్త్రి పడవల రేవు పక్క టీ దుకాణం దగ్గర, ఉతికిన చొక్కా వేసుకుని ఎదురుచూస్తున్నాడు. నోట్‌బుక్ బల్ల మీద పెట్టి రెండు పేజీలూ చూపించాను. ఎడమ పక్క ఆయన బొమ్మ, కుడి పక్క నాది.

అతను వేలితో ఒక్కో వరసా తడిమాడు.

"ఒక్కటే గదమ్మా. సార్ పెట్టినట్టే ఉన్నది."

"ఒక్కటే."

"సార్ చూడకుంటనే పెట్టిండు." ఒకసారి పెద్దగా నవ్వి, వెంటనే తల తిప్పి సముద్రం వైపు చూశాడు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని మళ్ళీ పేజీ వైపు వంగాడు. "గీ ఎర్రగీత ఏందమ్మా? తప్పని కొట్టేసిన్రా ఎవలన్న?"

"నాతో వచ్చినవాళ్ళు. చూడక్కర్లేదని."

"వాళ్ళు ఎక్కలేదా?"

"ఎక్కలేదు."

"కిందనే ఉన్నరా?"

"వేరే చోటికి వెళ్ళారు. బ్యాగులు కొనడానికి."

అతను నన్ను చూశాడు. నిజంగానే అర్థం కాలేదు అతనికి.

"మల్ల గంత దూరం ఎందుకు వోయిన్రమ్మా?"

అంత దూరం ఎందుకు వెళ్తున్నారన్న ఆ ప్రశ్న వ్యాను తలుపు దగ్గర నిలబడి నేను అడగాల్సింది. పాస్‌పోర్టులు చేతిలో ఉన్నప్పుడు, నలుగురూ తలెత్తి చూస్తున్నప్పుడు. నాకు తోచలేదు. నా బొమ్మ ఉన్న పేజీ చింపి మేస్త్రికిచ్చాను. ఆయనది నా దగ్గర ఉంచుకున్నాను, ఎర్రగీతతో సహా.